మొదటి చుట్టు

ఇరవై రెండేళ్ళ పాటు ప్రతి ఆదివారం నేను డిన్నీ మల్క్వీన్‌ని ఏడిపించాను. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

డిన్నీ మా ఊరి పోస్టుమాన్. వాడు వాయించేది బౌరాన్. మేకతోలు బిగించిన డప్పు అది, ఒళ్ళో నిలబెట్టుకుని జానెడు కర్రతో వాయిస్తారు. నాది ఫిడేలు. ఆదివారం చర్చిలో రెండో పూజ అయ్యాక లేహీ వాళ్ళ పబ్బులో ఏడెనిమిది మందిమి గుండ్రంగా కూచునేవాళ్ళం. కిటికీ కింద కుర్చీ నాది. ఏ వరస ఎత్తుకోవాలో, ఎంత జోరుగా వెళ్ళాలో నేనే మొదలుపెట్టి చూపిస్తే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. డిన్నీ గుమ్మం దగ్గర పొట్టి ముక్కాలిపీట మీద కూచునేవాడు. మా పద్ధతి ప్రకారం గుంపుకి ఒక్క డప్పే. అది కూడా వరస ఒక చుట్టు పూర్తిగా తిరిగి, ఫిడేళ్ళూ వేణువులూ కుదురుకున్నాక, రెండో చుట్టులో అందుకోవాలి. డిన్నీ ఎప్పుడూ అలాగే ఆగేవాడు. వాడు కర్ర ఎత్తి మొదటి దెబ్బ వెయ్యగానే నేను కమాను ఆపకుండా తల తిప్పి, "ఎవరో తలుపు కొడుతున్నారు, తియ్యండమ్మా!" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. డిన్నీ కూడా నవ్వేవాడు. ఆ మాట పాతబడిపోయిందని నాకెవరూ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం కట్టెలు చీల్చే యంత్రంలో నా ఎడమచేతి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. యంత్రాన్ని అనడానికేం లేదు, వాన వచ్చేస్తోందని నేనే తొందరపడ్డాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు కడుతూ, "కుడిచెయ్యి కాదు, అదృష్టవంతులు" అంది. ఫిడేలు వాయించేవాడి అదృష్టం ఏ చేతిలో ఉంటుందో ఆవిడకెవరు చెప్తారు?

ఇంటికొచ్చి ఫిడేలు పెట్టెని మంచం కిందికి తోసేశాను. పబ్బుకి వెళ్ళడం మానేశాను. ఆదివారం పూజ అవగానే ఇంటికొచ్చి రేడియోలో హర్లింగ్ అనే కర్రాబంతాట వింటూ కూచునేవాణ్ణి. ఆట అయిపోయి పాటలు మొదలైతే లేచి కట్టేసేవాణ్ణి. మా అమ్మాయి సోర్ఖా ఊళ్ళో బడిపిల్లలకి పాఠాలు చెబుతుంది, మాతోనే ఉంటుంది. ఐదో ఏట నుంచి నా మోకాలి పక్కన కూచుని ఫిడేలు నేర్చుకుంది. నా చెయ్యి పోయాక ఆ పిల్ల ఫిడేలు ముట్టుకోవడం నేను చూడలేదు. మానేసిందనుకున్నాను. అడగలేదు. నిజం చెప్పాలంటే, మానేసిందని లోపలెక్కడో కొంచెం తృప్తిగా కూడా ఉండేది. ఆ తృప్తి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

మే నెల మొదట్లో ఒక సాయంత్రం దాణా కోసమని బయల్దేరి, పర్సు మరిచిపోయి దారిలోంచే వెనక్కొచ్చాను. నా చెయ్యి పోయినప్పటి నుంచీ సాయంత్రం పాలు సోర్ఖానే పితుకుతోంది. పాకలో పాల యంత్రం గుర్రుమంటోంది. పెరట్లోంచి నడుస్తుంటే ఆ గుర్రు కింద ఇంకేదో వినబడింది. గోడవారన ఆగి చూశాను.

సోర్ఖా రబ్బరు బూట్లతో, రెండు వరసల ఆవుల మధ్య నిలబడి ఫిడేలు వాయిస్తోంది. పెట్టె దాణా బస్తా మీద తెరిచి ఉంది. అది మా అమ్మ నాకు నేర్పిన జిగ్, గంతులేయించే నాట్యపు వరస. నేను సోర్ఖాకి నేర్పాను. ఆవులు నెమరేస్తున్నాయి. ఒక బండావు తోకతో ఈగల్ని తోలుకుంటూ, అలవాటైన పాటే అన్నట్టు నిలబడింది. యంత్రం ఆగగానే సోర్ఖా కూడా ఆపేసింది. గబగబా ఫిడేలు పెట్టెలో పెట్టి, వెనకదారిన వెళ్ళి తన కారు డిక్కీలో దాచేసింది. నా చిన్నప్పుడు మా అన్న సిగరెట్లు అలాగే దాచేవాడు.

రాత్రి భోజనాల దగ్గర, "ఇవాళ పాలు బాగా ఇచ్చాయి నాన్నా" అంది.

"గడ్డి మంచిది" అన్నాను.

అది లేచి వెళ్ళాక, గిన్నెలు తుడుస్తున్న మా ఆవిడ నోనీని అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"పాకలో కచేరీ."

నోనీ తిరిగి చూడలేదు. "నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చిన వారం నుంచి. మార్చిలో మంచు పడ్డప్పుడు కూడా అక్కడే. చేతులు కొంకర్లు పోయి వచ్చేది."

"ఇంట్లో వాయించొద్దని నేనెప్పుడన్నా అన్నానా?"

"అనలేదు. పాటలు రాగానే రేడియో కట్టేశావు."

చేతికి దొరికిన టీ చెంచాతో బల్ల మీద కొట్టుకుంటూ కూచున్నాను. నోనీ వచ్చి ఆ చెంచా లాక్కుంది.

"మూడు నెలలుగా నా బల్ల చంపేస్తున్నావు. అన్నం తింటూ కొడతావు, ప్రార్థన చేస్తూ కొడతావు. నీ కుడిచెయ్యి ఊరుకోవడం లేదు, అది నీకు తప్ప ఊరందరికీ తెలుసు. శనివారం ఈథ్నా దగ్గరికి వెళ్తున్నాం. చెప్పేశాను."

ఈథ్నా బరెన్ రాళ్ళగుట్టల కింద ఉంటుంది. మనిషి కొలత తీసుకుని డప్పులు చేస్తుంది.

"డప్పా? నేనా?" నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "అంతకంటే ఈ రెండు వేళ్ళు కూడా ఆ యంత్రంలో పెట్టుకోమను!"

"పెట్టుకుందువులే. ముందు శనివారం రా."

ఈథ్నా షెడ్డులోకి అడుగుపెట్టగానే సున్నమూ తడి మేకా కలిసిన వాసన కొట్టింది. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. సున్నపునీళ్ళలో నాని నాని చేతులు పాలిపోయి ఉన్నాయి. ఎలా జరిగిందని అడగలేదు, అయ్యో పాపం అనలేదు. దర్జీలాగా మెడలోంచి టేపు తీసి, నా ఎడమచెయ్యి అందుకుని కొలవడం మొదలుపెట్టింది. మోచేతి నుంచి మణికట్టుకి, అక్కడి నుంచి తెగిన వేళ్ళ మొదళ్ళ దాకా, తర్వాత అరచెయ్యి వెడల్పు. నోనీ కూడా అంతవరకు ఆ చేతిని అంత మామూలుగా పట్టుకోలేదు.

"చలికి నొప్పెడుతుందా?"

"పెడుతుంది."

"డప్పులో ఎడమచెయ్యి లోపలుంటుంది. తోలుకి వెనక నుంచి ఆనించి నొక్కుతావు. నొక్కితే స్వరం పైకి, వదిలితే కిందకి. దానికి వేళ్ళు అక్కర్లేదు, అరచేతి మొదలు చాలు. వేళ్ళు కావాల్సింది పట్టుకోవడానికి." నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. "లోపల అడ్డకర్ర పెట్టను, నీకది పట్టు దొరకదు. ఇదిగో, ఇక్కడ అంచు కాస్త తొలిచి తోలుపట్టీ వేస్తాను, ముంజెయ్యి అందులో కూచుంటుంది. బొటనవేలికి ఒక ఉచ్చు. జారదు."

తర్వాత నాకో కర్ర ఇచ్చి బల్ల మీద ఏదైనా వాయించమంది. చెంచా దొరికినట్టే అనిపించింది. ఏం వాయిస్తున్నానో చూసుకోకుండానే మా అమ్మ జిగ్ వాయించేశాను. ఆవిడ నా మణికట్టే చూస్తోంది.

"ఇది డప్పు మణికట్టు కాదు. కమాను పట్టిన మణికట్టు."

"తెలుసు" అన్నాను, ముఖం ముడుచుకుని.

"బాగుందనే అంటున్నాను, మనిషీ. అంత మూతి ముడవక్కర్లేదు."

కిటికీ దగ్గర దండెం మీద తోళ్ళు ఆరేసి ఉన్నాయి. మూడింటిని చిన్న చట్రాలకి బిగించి, నన్ను కళ్ళు మూసుకుని ఒక్కోదాని వెనకా ఎడమచెయ్యి పెట్టమంది. ముందు నుంచి తను తట్టింది. మొదటిది లేత మేకపిల్ల తోలు, టకటకమంది. రెండోది దూడతోలు. మంచి మోతే కానీ, ఇరుగుపొరుగు మాటల్లా గోడకవతల వినబడినట్టుంది. మూడోదాన్ని తట్టగానే ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయాను. తెగిన చోట, మూడు మొదళ్ళలోనూ ఒకేసారి ఆ మోత దిగింది. ఫిడేలు మెడ పట్టుకున్నప్పుడు తీగ వణుకు వేళ్ళలోకి వస్తుంది, సరిగ్గా అది. మూడు నెలలుగా ఆ చోట నొప్పి తప్ప ఇంకేదీ లేదు. నా కళ్ళు మూసి ఉండటం మంచిదైంది.

"ఇది" అన్నాను.

ఈథ్నా ఆ తోలుని వెలుతురుకి ఎత్తి చూపించింది. నడిమధ్యన వెన్నుపూస జాడ నల్లటి చారలాగా ఉంది. "ముసలి మేకపోతుది. పదకొండేళ్ళు ఆ గుట్టల మీద ఎవరి మాటా వినలేదు."

"అయితే సరిగ్గా సరిపోయింది" అంది నోనీ.

రెండు నెలలు పడుతుందంది. ఆవిడ సామాను సర్దుకుంటుంటే చెవి దగ్గరగా వెళ్ళి చెప్పాను, పోస్టులో పంపినా సరే, మీద ఆవిడ పేరూ గీరూ లేకుండా మామూలు అట్టపెట్టెలో పెట్టమని. ఊళ్ళో తెలియకూడదని. ముఖ్యంగా డిన్నీ మల్క్వీన్‌కి తెలియకూడదని. ఈథ్నా నన్నోసారి, నోనీనోసారి చూసి సరేనంది.

జూలై మధ్యలో, ఎండుగడ్డి కట్టలు లోపల వేస్తుండగా పోస్టు బండి మా గేట్లోకి వచ్చింది. డిన్నీ దిగి, వెనక తలుపు తీసి, బండి చక్రమంత గుండ్రటి అట్టపెట్టెని రెండు చేతులతో, పసిబిడ్డనెత్తుకున్నట్టు బయటికి తీశాడు. అప్పుడు వెలిగింది నాకు. ఊళ్ళో ఎవరికి తెలియకూడదనుకున్నానో, వాడి చేతనే మోయించాను.

"సంతకం" అన్నాడు.

పెట్టాను.

"కేక్ అనుకుంటా" అన్నాను.

"అయ్యుంటుంది." డిన్నీ ముఖంలో నవ్వు లేదు. బండి ఎక్కి, అద్దం దించాడు. "లోపలేముందో నాకు తెలీదు. కానీ ఏమున్నా సరే, వంటపొయ్యి దగ్గర మాత్రం పెట్టకు మర్టీ. పగులుతుంది."

వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఊళ్ళో ఎవరన్నా నన్ను చూసి నవ్వుతారేమోనని కాచుకుని కూచున్నాను. కసాయి కొట్టు దగ్గరా నవ్వలేదు, పూజ దగ్గరా నవ్వలేదు. వాడు ఒక్కడికి కూడా చెప్పలేదు.

డప్పు అందంగా ఉంది. యాష్ చెట్టు చెక్క చట్రం, అంచున నా ముంజేతికి తొలిచిన పల్లం, గోధుమరంగు తోలుపట్టీ. చెయ్యి పెడితే ఈ చెయ్యి కోసమే పుట్టినట్టు కూచుంది. మళ్ళీ రేడియో పెట్టుకున్నాను. పాటలొచ్చినప్పుడల్లా దానితోపాటు వాయించాను. ఫిడేలు మీద ఎన్ని స్వరాలుంటాయో అన్నీ కర్రతో కొట్టాలని చూసేవాణ్ణి.

"రేకు కప్పు మీద కోళ్ళు పరిగెత్తినట్టుంది" అంది నోనీ, బంగాళాదుంపలు చెక్కుతూ. "మధ్యలో ఊపిరి పీల్చుకోనివ్వు దాన్ని."

సోర్ఖాకి బడి సెలవులు. ఒకటి రెండుసార్లు తలుపవతల దాని నీడ ఆగడం చూశాను. లోపలికి రాలేదు. సాయంత్రం పాకలోంచి పాల యంత్రం చప్పుడూ, దాని కింద ఫిడేలూ వస్తూనే ఉన్నాయి. వెళ్ళి, ఇంట్లోకి రా తల్లీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయాను. ముందు నేను బాగా వాయించాలి, దాని పక్కన కూచునే యోగ్యత రావాలి, అప్పుడు పిలుస్తాను అనుకున్నాను. అదే నా పొగరు. చెయ్యి పోయినా అది పోలేదు.

ఆగస్టు మొదటి శనివారం నోనీని తీసుకుని షానన్ నదిని పడవలో దాటి అవతలి కెర్రీ జిల్లాకి వెళ్ళాను. అక్కడ నన్నెవరూ ఎరగరు. ఒక చిన్న ఊళ్ళో, మధ్యాహ్నం పూట, పబ్బులో నలుగురు వాయిస్తున్నారు. పద్ధతిగా వెళ్ళి అడిగాను.

"మీకు డప్పు ఉందా?"

"లేదండీ. కూచోండి" అంది వేణువు వాయించే అమ్మాయి. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఆ గుంపుకి తనే పెద్ద.

ఆ అమ్మాయి పోల్కా అనే చురుకైన వరస ఒకటి ఎత్తుకుంది. మూడో స్వరానికల్లా నా కర్ర తోలు మీద ఉంది. నాలుగు అడుగులు పోయేసరికి నేను తల ఊపుతున్నాను, వాళ్ళని ముందుకి లాగుతున్నాను, మీ జోరు చాలదు, ఇలా రండి అన్నట్టు. ఫిడేళ్ళు రెండూ చెరోవైపు పోయాయి. అమ్మాయి పెదవుల దగ్గర నుంచి వేణువు దించింది.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. ముందు మమ్మల్ని ఒక్క చుట్టు తిరగనివ్వండి."

అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ తిట్టలేదు. ఆ పద్ధతి నాకు తెలియక కాదు. నలభై ఏళ్ళు మా పబ్బులో దాన్ని కాపలా కాసినవాణ్ణి నేనే. కొత్తవాడెవడన్నా ముందే అందుకుంటే కమాను ఆపి వాడి ముఖంలోకి చూసేవాణ్ణి. కానీ నా చెయ్యి ఎన్నడూ ఒకరి కోసం ఆగి ఎరగదు. రెండో పాటకి పంటి డాక్టరు దగ్గర కూచున్నట్టు దవడలు బిగించి లెక్కపెట్టాను. అయినా చుట్టు సగం కాకుండానే దూకేశాను. మూడో పాటకి డప్పు సంచిలో పెట్టేసి, వాళ్ళందరికీ దండం పెట్టి బయటపడ్డాను.

తిరుగు పడవలో నోనీ ఐస్‌క్రీం తిన్నది. "కెర్రీ వాళ్ళు అంతేలే" అంది, నన్ను ఓదార్చడానికి.

"వాళ్ళది రైటు" అన్నాను.

ఇంటికొచ్చి డప్పుని గిన్నెల బీరువా మీద, ముఖం గోడవైపు తిప్పి పెట్టాను.

సోమవారం డిన్నీ ఉత్తరాలిస్తూ, బండిలోంచి దిగకుండానే, "మేక ఎలా ఉంది?" అన్నాడు. పెట్టె తెచ్చాక వాడు దాని ఊసెత్తడం అదే మొదటిసారి.

"బీరువా మీద ఉంది."

"ఊఁ."

ఉత్తరాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వానచినుకులు పడుతున్నాయి. "డిన్నీ, ఎలా ఆగుతావు?"

"ఎక్కడ?"

"మొదటి చుట్టు. చేతిలో కర్ర పెట్టుకుని, వాయించకుండా, ఊరికే. ఇరవై రెండేళ్ళు ఎలా ఆగావు?"

డిన్నీ బండి ఇంజను కట్టేశాడు. ఉత్తరాలు పంచేటప్పుడు వాడు ఇంజను కట్టెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆగడమేంటి? వింటాను కదా" అన్నాడు. నేను ఇంకా చూస్తుంటే, చెప్పక తప్పదన్నట్టు టోపీ వెనక్కి తోసుకున్నాడు. "చూడు మర్టీ. ఆ గుంపులో మిగతా అందరి చేతుల్లోనూ పనుంటుంది, ఎవడి గొడవ వాడిది. నీ ఫిడేలు ఒక చుట్టు పూర్తిగా, పనేం లేకుండా వినేది నేనొక్కణ్ణే. అందుకే వచ్చేవాణ్ణి. రెండో చుట్టు నుంచి కొట్టేదంటావా, ఊరికే కూచుంటే బాగోదని."

ఇరవై రెండేళ్ళ తలుపు మాట గురించి ఇప్పుడన్నా ఏదో ఒకటి అనాలి. క్షమించమనాలి. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"టీ తాగుతావా?"

"వద్దు, ఆలస్యమైంది." ఇంజను వేశాడు. "ఆదివారం రా. నీ కుర్చీలో కోట్లు పడేస్తున్నారు. సంతలా ఉంది చూడ్డానికి."

"గుంపుకి ఒక్క డప్పే కదా" అన్నాను.

"అవును" అన్నాడు డిన్నీ, అద్దం ఎక్కిస్తూ.

ఆ ఆదివారం ముసురు. నేను డప్పు సంచి భుజానేసుకుంటుంటే నోనీ కోటు తొడుక్కుంది. సోర్ఖా కారు తీసింది.

పబ్బులో అందరూ తలెత్తి చూశారు, పలకరించారు, నా చేతివైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడ్డారు. కిటికీ కింద నా కుర్చీ నిండా తడికోట్లు. డిన్నీ పొట్టి పీట మీద ఉన్నాడు, ఒళ్ళో వాడి పాత డప్పు. నేను కౌంటరు బల్ల దగ్గరే నిలబడి గ్లాసు తెప్పించుకున్నాను. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. సోర్ఖా నా పక్కన నిలబడింది, ఒట్టి చేతులతో.

వాళ్ళు రెండు పాటలు వాయించారు. బాగానే వాయించారు, కానీ నడిపేవాళ్ళు లేరు. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటున్నారు.

"ఫిడేలు తెచ్చుకో" అన్నాను సోర్ఖాతో.

"ఏ ఫిడేలు నాన్నా?"

"డిక్కీలో ఉన్నది. ఆవులకి వినిపించేది."

సోర్ఖా చెవుల దాకా ఎర్రబడింది. నన్ను చూసింది, వాళ్ళమ్మను చూసింది. నోనీ గ్లాసులో ఏదో వెతుక్కుంటోంది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మే నుంచి. బండావుకి ఆ జిగ్ నచ్చినట్టుంది. మాక్కూడా వినిపించు."

అది వానలోకి పరిగెత్తింది.

ఆ వెళ్ళడం డిన్నీ చూశాడు. మెల్లిగా లేచి, డప్పు సంచిలో పెట్టి, గోడకి ఆనించాడు. "నేనో సిగరెట్టు తాగొస్తాను" అని గుంపుకంతటికీ వినబడేలా చెప్పి బయటికి నడిచాడు. బల్ల వెనక లేహీ భార్య కనుబొమలు పైకెత్తింది. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్న మనిషి డిన్నీ. పుట్టి బుద్ధెరిగి సిగరెట్టు ముట్టుకోలేదు.

ముక్కాలిపీట ఖాళీగా ఉంది.

నేను వెళ్ళి నా కుర్చీలో కోట్లన్నీ తీసి పక్కన పడేశాను. సోర్ఖా జుట్టులో నీళ్ళు కారుతుండగా వచ్చింది. కుర్చీ చూపించాను.

"అది నీది నాన్నా."

"నాది ఇవాళ అది" అని పీటవైపు నడిచాను. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టి పీట. ఇరవై రెండేళ్ళు వాడు దాని మీద ఎలా కూచున్నాడో.

డప్పు ఒళ్ళో నిలబెట్టి, ముంజెయ్యి పల్లంలో పెట్టి, బొటనవేలు ఉచ్చులో దూర్చాను. సోర్ఖా తీగలు సవరించుకుని నావైపు తిరిగింది. "ఏది ఎత్తుకోను?"

నలభై ఏళ్ళు ఆ గదిలో అందరూ నన్నే అడిగిన ప్రశ్న అది. జవాబు నాలుక మీదకి వచ్చేసింది. మింగాను.

"నువ్వే మొదలుపెట్టు. నేను తర్వాత వస్తాను."

మా అమ్మ జిగ్గే ఎత్తుకుంది. నేను దాని భుజం చూస్తూ కూచున్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ పిల్ల నా పక్కనే వాయించింది, కానీ నా చెవి దగ్గర ఎప్పుడూ నా ఫిడేలే ఉండేది. దానిది నేను వినలేదు. ఇప్పుడు విన్నాను. రెండో భాగంలో ఒక చోట, నేనైతే నేరుగా వెళ్ళిపోయే చోట, అది ఒక్క క్షణం ఆగి, నీళ్ళగుంట దాటినట్టు అవతల అడుగు పెడుతోంది. నేను నేర్పింది కాదది. పాకలోనో, కారులోనో తనే కనిపెట్టుకుంది. నా దానికంటే బాగుంది. ఆ మాట ఒప్పుకోవడం కష్టమవుతుందనుకున్నాను. కాలేదు. కడుపు నిండినట్టుంది.

మొదటి చుట్టు అయిపోయింది. నేను కర్ర ఎత్తలేదు. ఆ నీళ్ళగుంట దాటడం ఇంకొక్కసారి వినాలనిపించింది. రెండో చుట్టు కూడా సగం దాటింది. మిగతావాళ్ళు వాయిస్తూనే నావైపు చూస్తున్నారు. లేహీ భార్య గ్లాసు తుడవడం ఆపేసింది. పాపం, చేత కావడం లేదనుకున్నట్టున్నారు.

కిటికీ అవతల ముసురులో డిన్నీ నిలబడి ఉన్నాడు. చేతిలో సిగరెట్టు లేదు. టోపీ మీంచి నీళ్ళు కారుతున్నాయి. అద్దానికి ముఖం ఆనించి, నన్ను చూసి, విన్నది చాల్లే, ఇక కొట్టు అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

మూడో చుట్టులో కొట్టాను. స్వరాలన్నీ కొట్టాలని చూడలేదు. దాని అడుగు కింద నా అడుగు వేశాను, అంతే. ముసలి మేకపోతు అరచేతిలోకి పలికింది, తెగిన మొదళ్ళలోకి పలికింది. నీళ్ళగుంట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కలిసి ఆగి, కలిసి దాటాం. సోర్ఖా కళ్ళెత్తి నన్ను చూసింది. నవ్వడానికీ ఏడవడానికీ మధ్యలో ఉంది, కమాను మాత్రం తడబడలేదు.

పాట ముగిసి కమాన్లు దించుతుండగా తలుపు తెరుచుకుంది. డిన్నీ నిలువునా తడిసి గుమ్మంలో నిలబడి, గదంతా ఒకసారి చూశాడు.

"ఎవరో తలుపు కొడుతున్నట్టు వినబడింది బయటికి" అన్నాడు. "తీద్దామని వచ్చాను."

గది గదంతా కూలిపోయినట్టు నవ్వింది. అందరికంటే ముందు నేనే నవ్వాను. ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, పీట మీంచి లేచి, "రావయ్యా, నీ చోటు" అన్నాను.

"కూచో కూచో, ఇంకో పాట కానీ" అన్నాడు డిన్నీ. నా పక్కన నేల మీదే చతికిలబడి, టోపీ పిండుకుంటూ, సోర్ఖావైపు చెవి పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి ఆరైంది. ముసురు ఆగింది, ఇంకా బోలెడు వెలుతురుంది. నోనీ టీకి నీళ్ళు పెట్టింది. నేను డప్పుని పొయ్యికి దూరంగా, ముఖం గదివైపు తిప్పి పెట్టాను. బయట కారు డిక్కీ తెరిచి మూసిన చప్పుడైంది. సోర్ఖా ఫిడేలు పెట్టెతో వంటగదిలోకి వచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక్క నిమిషం నిలబడింది.

నోనీ బల్ల మీద రొట్టె, వెన్న గిన్నె కాస్త పక్కకి జరిపి చోటు చేసింది.